అమ్మ ముట్టని గిన్నె

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మా అమ్మ ఎప్పుడూ అనేది. ఉన్నన్నాళ్ళూ ఆమె ఏదీ చించుకోలేదు. ఇప్పుడు ఆమె లేదు, నన్ను ఆపేవాళ్ళూ లేరు. నా కోపం మాత్రం ఉంది. అందుకని రాస్తున్నాను.

మాది ఆళ్ళగడ్డ. పేటలో చర్చికి నాలుగిళ్ళ అవతల మా ఇల్లు. నాయన లారీ డ్రైవరు. బేతంచెర్లలో బండలు ఎత్తుకుని ఊళ్ళు పట్టుకు తిరిగేవాడు. ఇంట్లో ఉన్న రోజు తాగేవాడు, తాగిన రోజు కొట్టేవాడు. నాకు పదేళ్ళప్పుడు ఒకసారి బండి మీద పోయినవాడు తిరిగి రాలేదు. లారీ ఎక్కడైనా బోల్తా పడిందేమోనని అమ్మ వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. తర్వాత తెలిసింది, నంద్యాలలో ఇంకొక ఆమెతో కాపురం పెట్టాడని. ఏ బొంబాయికో పోయి ఉంటే దూరమని సర్దుకునేవాళ్ళం. బస్సెక్కితే గంటకు చేరే ఊళ్ళో కూర్చుని ముప్పయి రెండేళ్ళు మా గడప తొక్కలేదు ఆ మనిషి.

అమ్మ ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. నన్ను చదివించింది. నేను టీచరునై నంద్యాలలోనే ఉద్యోగంలో చేరాను. ఇంతవరకూ ఎవరింట్లోనైనా జరిగే కథే. మాకు జరిగిన అసలు అన్యాయం బల్ల దగ్గర జరిగింది.

తెలియనివాళ్ళకు చెబుతాను. మా చర్చిలో నెలకొకసారి, మొదటి ఆదివారం, బల్ల ఉంటుంది. ప్రభువు మన కోసం ప్రాణం పెట్టాడని గుర్తు చేసుకుంటూ ఒక రొట్టెముక్క, ఒక గుక్క ద్రాక్షరసం పుచ్చుకుంటాం. వరసగా మోకాళ్ళ మీద ఉండి, అందరం ఒకే గిన్నె నుంచి తాగుతాం. దానికి ముందురోజు, శనివారం సాయంత్రం, మా పాత అయ్యగారు సిద్ధపాటు కూటం పెట్టేవాడు. పాస్టరును మేము అయ్యగారనే అంటాం. ఎవరితోనైనా పగ ఉన్నవాళ్ళు ఆ కూటంలో లేచి రాజీ పడాలి. పడకపోతే బల్ల ముట్టకూడదు. పగ కడుపులో పెట్టుకుని అపాత్రంగా తాగినవాడు శిక్ష తాగినట్టేనని, అట్లా తాగి జబ్బున పడ్డవాళ్ళున్నారని, ప్రాణం పోయినవాళ్ళూ ఉన్నారని ఆయన వేలు చూపించి చెప్పేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

జనం తెలివైనవాళ్ళు, లేచి చేతులు కలిపేవాళ్ళు. గట్టు తగాదా పెట్టుకున్న అన్నదమ్ములు ఇద్దరుండేవారు. ప్రతి నెలా శనివారం కౌగిలించుకుని, ఆదివారం పక్కపక్కన మోకరించి తాగి, సోమవారం ఎవరి వకీలు దగ్గరికి వాళ్ళు పోయేవాళ్ళు. ఇద్దరికీ ఒక్కరోజు జలుబైనా చేయలేదు. వాళ్ళను చూపించి అడిగితే అమ్మ, "దేవుడు ఓపిక పట్టినాడులే" అనేది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నాయన సంగతి తెలిసిన నెలలోనే శనివారం కూటంలో అయ్యగారు అమ్మను పేరు పెట్టి లేపాడు. నేను ఆమె పక్కనే చాప మీద ఉన్నాను.

"నీ మొగుణ్ణి క్షమించినావామ్మా?"

"లేదయ్యా."

"క్షమించల్ల గదా."

"మనసు రాలేదయ్యా. వచ్చినప్పుడు చెప్తా."

"అట్లయితే వచ్చిందాకా బల్లకు రావద్దు."

"సరేనయ్యా" అని అమ్మ కూర్చుంది.

ఒక్క చిన్న అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది. ఆ గదిలో ఉన్న సగంమంది ఆడిందే. ఆమె ఆడలేదు, ఆడనందుకు ఆమెకు దొరికింది వెనక గోడ. అయ్యగారు ఆ మాట నెల తిరక్కముందే మరిచిపోయి ఉంటాడు. రెండేళ్ళకు బదిలీ మీద వెళ్ళిపోయాడు, ఎప్పుడో చనిపోయాడు కూడా. తర్వాత వచ్చిన అయ్యగార్లు ఒక్కొక్కరూ బల్లకు పిలిచారు. పిలిచి, చివర్లో ప్రతి ఒక్కరూ "క్షమించి రామ్మా" అనే అన్నారు. ఆమెకు తెలిసిందే మళ్ళీ చెప్పారు. ఆమె వెళ్ళలేదు.

దాని బదులు ఆమె పని మొదలుపెట్టింది. క్షమించే మనసు దేవుడే ఇవ్వాలి, తాను తగినంత చేస్తే ఇస్తాడు అనుకుంది. చర్చి ఊడ్చేది. బల్ల మీద పరిచే తెల్లగుడ్డ సోడాలో ఉడకబెట్టి, నీలిమందు పెట్టి, మడత నలగకుండా తలమీద పెట్టుకుని తెచ్చేది. పేటలో ఎవరు మంచం పట్టినా పోయి ఒళ్ళు తుడిచి, పక్క మార్చి వచ్చేది. చావు ఇంట్లో వంట ఆమెదే. తుదకు ఆ ద్రాక్షరసం చేసే పని కూడా అడిగి తీసుకుంది.

శుక్రవారం సాయంత్రం ఎండుద్రాక్ష కడిగి నానబెట్టేది. శనివారం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉండి, మధ్యాహ్నం ఆ పళ్ళు పిసికి, పల్చని గుడ్డలో వడకట్టి, సన్నని సెగ మీద కాచి సీసాలో పోసేది. తీపి సరిపోయిందో లేదో నన్ను చూడమనేది. తాను మాత్రం వేలికంటిన చుక్క కూడా నాకేది కాదు. చెయ్యి కడిగి ఆ నీళ్ళు కరివేపాకు చెట్టు మొదట్లో పోసేది. ఆదివారం మేమంతా తాగుతుంటే వెనక గోడకు ఆనుకుని నిలబడి చూసేది. నేను పదిహేనో ఏట బల్లలో చేరాను. తాగి వెనక్కి నడిచి వచ్చేటప్పుడు ఆమె వైపు చూడలేక కిటికీ వైపు చూసేదాన్ని.

ఇంకా ఘోరమేమిటంటే ఆమె ఆదివారం బడిలో పిల్లలకు వాక్యాలు కంఠతా పట్టించేది. రక్షణ అనేది నమ్మినవాళ్ళకు దేవుడు దయతో ఊరికే ఇచ్చేదని, మన పనులు చూసి ఇచ్చేది కాదని, కాబట్టి ఎవరూ గొప్పలు చెప్పుకోవడానికి లేదని చెప్పే వాక్యం ఆమెకు ఇష్టం. అది తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్లకు బెల్లం ముక్క ఇచ్చేది. అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టు, ఆ వాక్యం చెప్పి ఇంటికి వచ్చి మళ్ళీ గుడ్డ ఉతకడానికి కూర్చునేది. నేను ఇంటర్ చదివేటప్పుడు ఉండబట్టలేక అడిగాను.

"ఊరికే ఇస్తాడని నువ్వే చెప్తాండావు. మళ్ళ ఇదంతా ఎందుకు చేస్తాండావ్ మా?"

"అది అందరికీ. నా కడుపులో పగ ఉండాది గదా" అంది అమ్మ.

ఇట్లా ముప్పయి రెండేళ్ళు గడిచాయి. ఒక రోజు నేను బడిలో ఉండగా మా నంద్యాల అయ్యగారు ఫోను చేశాడు. వయసులో నాకంటే చాలా చిన్నవాడు, మంచివాడు, అన్ని మంచితనాల లాగానే ఆయనదీ ఎవరికి చేస్తున్నామో చూసుకునేది కాదు. ఆసుపత్రిలో రోగుల దగ్గర ప్రార్థన చేయడానికి పోతే ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని ఏడ్చాడట. కాలేయం పాడైపోయింది. తోడున్న ఆమె చనిపోయిందట, ఎవరూ లేరట. మాట్లాడుతుంటే ఆళ్ళగడ్డ అన్నాడట, నా పేరు చెప్పాడట.

పోయాను. ఎందుకు పోయానో నాకు తెలీదు. ఉబ్బిన పొట్టతో, పసుపు పచ్చని కళ్ళతో మంచం మీద ఉన్నాడు. నన్ను చూసి ఏడవలేదు, నవ్వాడు.

"దేవుడు నన్ను క్షమించినాడు పాపా. నమ్ముకున్నా. శానా తేలిగ్గా ఉండాది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మమ్మల్ని కదా కొట్టింది, దేవుణ్ణి కాదు కదా అని గొంతుదాకా వచ్చింది. అయ్యగారు పక్కనే ఉండి, "నాయన బల్ల పుచ్చుకోవాలని ఆశపడుతున్నాడమ్మా" అన్నాడు.

"బల్లకు మీ అమ్మే రసం చేస్తాదని విన్నా. ఉంటే తెప్పించు పాపా. అదయితే తాగతా" అన్నాడు నాయన.

ఆ మనిషి సిగ్గులేనితనాన్ని అమ్మ చెవిన వేయాలనే ఫోను చేశాను. ఆమె తిడుతుందని, ఒక్కసారైనా నోరారా తిడుతుందని ఆశపడ్డాను. అమ్మ తిట్టలేదు. "రేపు శుక్రవారం గదా. నానేస్తా. ఆదివారం పొద్దున బస్సుకు వస్తా" అంది.

అన్నట్టే వచ్చింది. సీసాకు తడిగుడ్డ చుట్టి, శిరివెళ్ళ మెట్ట మీదుగా ఆ బస్సు కుదుపులకు ఒలకకుండా ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. మంచం కాళ్ళ వైపు నిలబడింది. అయ్యగారు ప్రార్థన చేసి గిన్నె నాయన నోటికి అందించాడు. ఆయన కళ్ళు మూసుకుని తాగాడు. తాగి పెదాలు తుడుచుకుని అమ్మను చూశాడు.

"ఏమ్మే, నువ్వు తాగవా?"

"నేను తాగేది లేదు" అంది అమ్మ.

ఆయన ఎందుకని అడగలేదు. తల ఊపి కళ్ళు మూసుకున్నాడు. తన తప్పంతా దేవుడి దగ్గర తీరిపోయింది, ఇక ఆమె దగ్గర అడగాల్సింది ఏమీ మిగల్లేదన్నట్టు పడుకున్నాడు. ఒక్క మాట, "తప్పయిపోయిందే" అని ఒక్క మాట ఆమెతో అనలేదు. ఇప్పటికీ నాకు కడుపు రగిలేది అక్కడే. ఆమె గిన్నె కడిగి, సీసా గుడ్డలో చుట్టుకుని, రెండు గంటల బస్సుకు ఊరికి వెళ్ళిపోయింది.

నాలుగో రోజు నాయన పోయాడు. పిల్లాడు నిద్రపోయినట్టు పోయాడని నర్సు చెప్పింది. సమాధి దగ్గర అయ్యగారు, పొద్దుననగా వచ్చిన కూలీలకూ పొద్దు గూకే ముందు వచ్చిన కూలీలకూ యజమాని ఒకటే కూలి ఇచ్చిన కథ చెప్పాడు. కృప అంటే ఇదేనమ్మా అన్నాడు. బాగుంది. మా ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఏ రైతైనా మిరప కోతకు ఆ లెక్కన కూలి ఇస్తే మర్నాడు పొద్దున చేలో ఒక్క మనిషి కనపడడు, అందరూ నాలుగింటికి వస్తారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. నాయన కడబంతిలో కూర్చుని కడుపునిండా తిని పోయాడు. వండిన మనిషి పస్తు ఉంది. ఆ రోజు నుంచి నేనూ బల్ల ముట్టడం మానేశాను. అమ్మలాగా భయంతో కాదు, కోపంతో.

నాలుగేళ్ళ తర్వాత అమ్మకు కడుపులో గడ్డ బయటపడింది. అప్పటికే ముదిరిపోయిందన్నారు. నంద్యాలకు, నా ఇంటికి తెచ్చుకున్నాను. నొప్పికి మందులున్నాయి. ఆమె భయానికి లేవు. మంచం మీద పడుకుని తాను చేసినవన్నీ వేళ్ళ మీద గుర్తు చేసుకునేది. ఎవరి ఒళ్ళు తుడిచింది, ఏ చావుకు వండింది, ఏ వానలో గుడ్డ ఆరక పొయ్యి మీద పట్టి ఆరబెట్టింది. చివరికి వచ్చేసరికి మొహం వాడిపోయేది.

"చాల్లేదు మ్మే. దేవుని ముందర నిలబడితే, నీ మొగుణ్ణి క్షమించినావా అని అడిగితే ఏం చెప్పల్ల?" అనేది.

"చచ్చినోడి గురించి ఇంకా ఎందుకు మా?"

"చచ్చినా పగ పోలేదు మ్మే. ఆ పొద్దు ఆసుపత్రిలో కూడా క్షమించే మనసు రాలేదు. మంచి మాట ఒకటి అంటాడేమోనని చూసినా. అనలేదు" అంది. అంతదూరం ఆ సీసా ఎందుకు మోసుకొచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది.

అయ్యగారు మూడుసార్లు వచ్చాడు. కృప గురించి ఓపిగ్గా చెప్పాడు. అమ్మ చేతులు జోడించి, "నాకు తెలుసయ్యా ఆ వాక్యం. పిల్లోళ్ళకు నేర్పించినదాన్ని" అనేది. గిన్నె తీస్తే మొహం గోడవైపు తిప్పుకునేది. మూడోసారి ఆయన బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "నేను చెబితే వినదమ్మా. ఆయన్ను క్షమించమని చెప్పేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మీరు చెప్పండి. మీరు ఆమె పక్షం."

నేను ఆమె పక్షమే. అదే నా కష్టం. ఇన్నేళ్ళుగా నేను పట్టుకుని వేలాడుతున్నది ఒకటే. న్యాయమనేది ఎక్కడైనా ఉంటే అమ్మ ముందు వరసలో ఉంటుంది, నాయన వాకిట్లో ఉంటాడు. ఆమె చేసిన పనంతా ఎవడో ఒకడు చూసి ఉంటాడు. ఇప్పుడు ఆమె భయం పోవాలంటే నా నోటితో నేనే చెప్పాలి, ఆ పని ఏదీ పనికిరాదని. నాయనకు ఏ దారి తెరిచారో నీకూ అదేనని చెప్పాలి. రెండు రోజులు నోరు రాలేదు. ఆ రెండు రోజులూ ఆమె భయపడుతూనే ఉంది.

తర్వాతి సంగతి ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. అమ్మ సమాధి దగ్గర, ఆళ్ళగడ్డలో, ఊరంతా చేరింది. ఒకరి తర్వాత ఒకరు లేచి ఆమె చేసిన సేవ చెప్పారు. గుడ్డ, రసం, రోగులు, వంటలు. ఇంత చేసినామె పరలోకానికి కాక ఎక్కడికి పోతుందని సంఘపెద్ద ఏడ్చాడు. ఏ పనీ చేయనివాడి సమాధి దగ్గర కృప గురించి మాట్లాడారు, ఒళ్ళరిగేలా చేసినామె సమాధి దగ్గర పనుల గురించి మాట్లాడారు. వెనక గోడ గురించి ఒక్కడూ ఎత్తలేదు. ఒకరికైనా ఆమె బల్ల ముట్టదని గుర్తుందో లేదో.

నోరు రాని ఆ రెండు రోజులూ గడిచాక, మంగళవారం పొద్దున బడికి సెలవు పెట్టాను. అయ్యగారిని పది గంటలకు రమ్మని, తలుపు దగ్గర ఉండమన్నాను. రసం నేనే చేశాను. అమ్మకు తలకింద దిండు ఎత్తుగా పెట్టి మంచం మీద కూర్చున్నాను. మెత్తగా చెప్పడం నాకు రాదు.

"మా, నువ్వు చేసినవి ఏవీ లెక్కలోకి రావు" అన్నాను.

నేను చెంప మీద కొట్టినట్టు చూసింది. "ఏవీనా?"

"ఏవీ రావు. చర్చి ఊడ్సింది రాదు, వండింది రాదు."

"క్షమించల్ల గదా ముందు."

"అదీ అక్కర్లే. అది కూడా పనే. నీకు చాతకాలేదు. చాతకానోళ్ళకే ఇచ్చేది."

తలుపు దగ్గర అయ్యగారు కదిలాడు. నేను చెయ్యెత్తి ఆపాను. ఆయన 'కానీ' అని మొదలుపెడితే అంతా మొదటికి వస్తుంది.

"మీ నాయనకు ఇచ్చినట్లేనా?" అంది అమ్మ.

ఇదే నేను భయపడిన ప్రశ్న. "ఆయనకు ఇచ్చినట్లే. ఆయనకంటే నీకు ఒక్క చుక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు" అన్నాను.

"ఊరికేనా?"

"ఊరికే."

పక్కింట్లో మిక్సీ తిరిగి ఆగింది. తర్వాత అమ్మ కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. అది సంతోషమని ఎవరైనా అంటే వాళ్ళ నోరు పడిపోవాలి.

"ఊరికే అయితే, ఇన్నేండ్లు నేను యాడ నిలబడినా మ్మే?"

"గోడకాడ నిలబడినావు మా."

"ఎవురూ ఇట్ల చెప్పకపోతిరే" అంది. ముప్పయ్యారేళ్ళలో నేనూ చెప్పలేదు. చెప్పగలిగేదాన్ని, వాక్యం నాకూ కంఠతా వచ్చు. నాకు ఆమె కష్టం కావాల్సి వచ్చింది, నాయన తప్పుకు సాక్ష్యంగా చూపించడానికి.

అయ్యగారిని రమ్మన్నాను. ఆయన రొట్టె విరిచాడు. అమ్మ రొట్టెముక్క నోట్లో పెట్టుకుంది. గిన్నె ఆయన్ను పట్టనివ్వలేదు, తానే రెండు చేతులతో తీసుకుంది. ఒక గుక్క తాగి, కాసేపు నోట్లోనే ఉంచుకుని మింగింది.

"పల్చగా చేసినావు" అని, గిన్నె నా వైపు చాపింది. "నువ్వు?"

నాకు నాయన మీద కోపం పోలేదు. ఆ నిమిషం ఇంకా ఎక్కువైంది. కానీ నేను వద్దంటే, ఇందాక చెప్పిందంతా అబద్ధమని ఆమెకు తెలిసిపోతుంది. గిన్నె తీసుకుని, పాత అయ్యగారు వేలు చూపించి వద్దన్న ఆ కోపంతోనే తాగాను. ఆయన మొహం కళ్ళ ముందు పెట్టుకుని తాగాను. అమ్మ నా ముఖం వంకే చూస్తోంది, చిన్నప్పుడు జ్వరం మందు వేసి చూసినట్టు. నా చెయ్యి పట్టుకుంది, నుదురు తాకింది. చాలాసేపు అట్లాగే చూసి, మెల్లగా దిండు మీదికి ఒరిగింది.

"ఏం కాలే మ్మే" అంది. "ఇద్దరికీ ఏం కాలే."